దయ్యాల కథలకు పరిశోధక వేతనం దండగన్న వాదానికి ఖండన

రక్తపిశాచాల నవలల మీద, ఊరి చివరి సమాధుల కథల మీద పీహెచ్‌డీ చేసేవాళ్లకు ప్రజల పన్నుల్లోంచి వేతనం ఇవ్వడం దండగన్న అభిప్రాయం బ్రిటన్‌లో కొన్నేళ్లుగా బలపడుతూ వచ్చి, ఇప్పుడు రుజువు అక్కర్లేని సత్యంగా చెలామణి అవుతోంది. పత్రికల్లో, రాజకీయ ప్రసంగాల్లో, విశ్వవిద్యాలయాల బడ్జెట్ చర్చల్లో ఆ మాట వినిపిస్తూనే ఉంటుంది. మానవీయ శాస్త్రాల్లో పనిచేసేవాళ్లలోనూ కొందరు, కోత తమ శాఖ మీద పడకుండా పక్క శాఖను చూపించడానికి అదే మాటను వాడుకుంటారు. తెలుగు విశ్వవిద్యాలయాల్లో జానపద విజ్ఞానం చదివేవాళ్లకూ ఈ వాదం కొత్తది కాదు. కాకపోతే అక్కడ పౌండ్లలో లెక్క, ఇక్కడ రూపాయల్లో లెక్క.

చర్చకు ముందు విషయమేమిటో చెప్పుకోవాలి. 1764 చివర్లో హొరేస్ వాల్పోల్ ప్రచురించిన ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’తో మొదలై, ఆన్ రాడ్‌క్లిఫ్, మాథ్యూ లూయిస్, మేరీ షెల్లీల మీదుగా 1897 నాటి బ్రామ్ స్టోకర్ ‘డ్రాక్యులా’ దాకా, ఆ తర్వాత సినిమాలోకీ సాగిన భయానక కథా సంప్రదాయాన్ని గోథిక్ సాహిత్యం అంటారు. పాడుబడిన కోటలు, వంశాన్ని వెంటాడే పాత పాపాలు, చెరలో పడిన స్త్రీలు, చచ్చీ చావని మనుషులు దీని ముడిసరుకు. జానపద విజ్ఞానమంటే జనం నోటా ఆచారంలోనూ నిలిచిన కథలను, పాటలను, నమ్మకాలను, తంతులను సేకరించి, పోల్చి, వివరించే శాస్త్రం. గోథిక్ నవల తన భయాలను చాలావరకు జనం నమ్మకాల నుంచే తెచ్చుకుంది కాబట్టి ఈ రెండింటినీ కలిపి చదివే పరిశోధకులు ఎక్కువ. మాంచెస్టర్ మెట్రోపాలిటన్, షెఫీల్డ్, హెర్ట్‌ఫర్డ్‌షైర్, స్టిర్లింగ్ విశ్వవిద్యాలయాలు ఈ అధ్యయనానికి పేరుపడ్డాయి.

ఆక్షేపకుల వాదాన్ని దాని బలమైన రూపంలోనే చెప్పడం న్యాయం. ప్రజాధనం పరిమితం, ఆస్పత్రులూ పాఠశాలలూ నిధులకు మొహం వాచి ఉన్నాయి. దయ్యాల కథల పరిశోధన వల్ల ఎవరి జబ్బూ నయం కాదు. చదివినవాళ్లకు విశ్వవిద్యాలయాల్లో కొలువులూ లేవు కాబట్టి, వేతనమిచ్చి మూడు నాలుగేళ్లు చదివించి చివరికి నిరుద్యోగంలోకి తోయడం ఆ యువకులకే అన్యాయం. ఆసక్తి ఉన్నవాళ్లు సొంత ఖర్చుతో చదువుకోవచ్చు, పూర్వం గొప్ప సేకరణలన్నీ అలా జరిగినవే. అన్నిటికీ మించి, మూఢనమ్మకాలను విశ్వవిద్యాలయంలో కూర్చోబెడితే వాటికి గౌరవం పెరుగుతుంది. ఈ మాటల్లో ప్రతిదానిలోనూ కొంత నిజముంది. వాటి నుంచి తీసిన తీర్పు మాత్రం నిలవదు.

1. ఎవరికీ ఉపయోగపడదన్న మాట

1892 జనవరిలో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రం, ఎగ్జిటర్ గ్రామంలో మెర్సీ బ్రౌన్ అనే 19 ఏళ్ల అమ్మాయి క్షయతో చనిపోయింది. తల్లీ అక్కా అంతకు ఎనిమిది తొమ్మిదేళ్ల ముందే అదే జబ్బుతో పోయారు. అన్న ఎడ్విన్ మంచం పట్టి ఉన్నాడు. చనిపోయినవాళ్లలో ఎవరో సమాధిలోంచే బతికున్నవాడి నెత్తురు పీల్చుకుంటున్నారని నమ్మిన ఇరుగుపొరుగు తండ్రి మీద ఒత్తిడి తెచ్చి, మార్చి 17న మూడు దేహాలనూ బయటికి తీయించారు. తల్లీ అక్కల అవశేషాల్లో నెత్తురు జాడ లేదు. గడ్డకట్టే చలిలో రెండు నెలలపాటు శ్మశానంలోని రాతి గదిలో ఉన్న మెర్సీ దేహం మాత్రం పెద్దగా చెడలేదు, గుండెలో నెత్తురు కనిపించింది. అక్కడున్న వైద్యుడు ఊపిరితిత్తుల్లో క్షయ లక్షణాలు చూపించి, ఇందులో వింతేమీ లేదని చెప్పినా వినకుండా, గుండెనూ కాలేయాన్నీ బండ మీద కాల్చి, ఆ బూడిదను ఎడ్విన్‌కు మందుగా పట్టారు. అతను మే నెల మొదట్లోనే చనిపోయాడు.

క్షయకు కారణమైన క్రిమిని కనుగొన్నట్టు రాబర్ట్ కోచ్ బెర్లిన్‌లో ప్రకటించింది 1882 మార్చి 24న. అంటే ఎగ్జిటర్‌లో సమాధులు తవ్వేనాటికి శాస్త్రం జవాబు చెప్పి పదేళ్లు కావస్తోంది, ఆ జవాబు తెలిసిన వైద్యుడు సమాధి పక్కనే నిలబడి ఉన్నాడు. అయినా అది ఆ ఊరికి ఎందుకు ఎక్కలేదన్న ప్రశ్నకు సూక్ష్మజీవశాస్త్రం దగ్గర సమాధానం లేదు. సమాధానం వెతికినవాడు మైకేల్ బెల్. ఇండియానా విశ్వవిద్యాలయంలో జానపద విజ్ఞానంలో డాక్టరేట్ పొంది, రోడ్ ఐలండ్ ప్రభుత్వంలోనే జానపద శాస్త్రజ్ఞుడిగా కొలువు చేసిన ఈయన ఊళ్ల పాత రికార్డులు, వార్తలు, కుటుంబాల జ్ఞాపకాలు గాలించి, న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో ఇలాంటి తవ్వకాలు ఎన్నో జరిగాయని తేల్చి, 2001లో ‘ఫుడ్ ఫర్ ది డెడ్’ అన్న పుస్తకంలో వివరించారు. ఆయన తేల్చిన ముఖ్య విషయం, వాళ్లు దయ్యాలను చూసి బెదిరిన వెర్రి జనం కారని. ఒకే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి జబ్బు పాకడాన్ని వాళ్లు సరిగ్గానే గమనించారు. వైద్యం చేతులెత్తేసిన జబ్బుకు తమ చేతనైన చికిత్స ఒకటి కల్పించుకున్నారు. క్షయకు పనిచేసే మందు 1940ల దాకా రాలేదన్నది గుర్తుంచుకుంటే, ఆ వైద్యుడి దగ్గర రోగం పేరు ఉందే తప్ప నివారణ లేదని తెలుస్తుంది. పేరు చెప్పి ఊరుకునేవాడికీ, తప్పుడుదైనా ఒక మార్గం చూపించేవాడికీ మధ్య జనం ఎవరిని ఎంచుకుంటారన్నది ప్రజారోగ్యంలో నేటికీ తెగని ప్రశ్న.

ఈ ఆచారాల మీద ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రిక 1896లో ప్రచురించిన కథనం కత్తిరింపు స్టోకర్ కాగితాల్లో దొరికింది. మరుసటి ఏడాదే ‘డ్రాక్యులా’ అచ్చయింది. నవలనూ నమ్మకాన్నీ కలిపి చదవాలన్న పట్టుదలకు ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఈ రంగాన్ని వెనకేసుకొచ్చేవాళ్లలో కొందరు వేరే దారి తొక్కుతారు. డ్రాక్యులా వల్ల ఇంగ్లండ్‌లోని విట్బీ పట్టణానికి పర్యాటకులు వస్తున్నారనీ, భయానక సినిమాలు కోట్లు సంపాదిస్తున్నాయనీ లెక్కలు చూపిస్తారు. ఇది ఓటమిని ముందే ఒప్పుకోవడం. పర్యాటకులు తగ్గిన ఏడు పరిశోధనా ఆపెయ్యాల్సిందేనా? పర్యాటకులు వచ్చేది నవల పేరు విని. దాని మీద వచ్చిన సిద్ధాంత వ్యాసాలు చదివి కాదు. పరిశోధన విలువను హోటల్ గదుల లెక్కతో తూచడానికి ఒప్పుకున్నవాళ్లు ఆక్షేపకుల తక్కెడనే అరువు తెచ్చుకున్నారు.

2. కొలువులు లేవన్న మాట

గోథిక్ సాహిత్యంలో డాక్టరేట్ పొందిన వాళ్లలో ఎక్కువమందికి విశ్వవిద్యాలయంలో స్థిరమైన కొలువు దొరకదు. ఇది కాదనలేని నిజం. ఇదే నిజం భౌతిక, జీవ శాస్త్రాలకూ వర్తిస్తుందన్నది ఆక్షేపకులు చెప్పని సంగతి. లండన్ రాయల్ సొసైటీ 2010లో ప్రచురించిన ‘ది సైంటిఫిక్ సెంచరీ’ నివేదిక ప్రకారం, బ్రిటన్‌లో సైన్సు డాక్టరేట్ పొందిన వాళ్లలో విశ్వవిద్యాలయాల్లో శాశ్వత పరిశోధక స్థానం చేరేవాళ్లు 3.5 శాతం, ప్రొఫెసర్లయ్యేవాళ్లు 0.45 శాతం. ఆ అంకెలు చూసి రసాయనశాస్త్రంలో వేతనాలు ఆపాలని ఎవరూ అనలేదు. శిక్షణ పొందినవాళ్లు వేరే రంగాలకు వెళితే సైన్సు విషయంలో దాన్ని సమాజానికి లాభమంటారు, సాహిత్యం విషయంలో వృథా అంటారు. ఒకే ఫలితాన్ని రెండు కొలమానాలతో కొలవడాన్ని తర్కం అనలేం.

ఇంతకంటే సూక్ష్మమైన పొరపాటు మరొకటుంది. ‘పూర్తి వేతనం దొరికితేనే మానవీయ శాస్త్రాల్లో పీహెచ్‌డీకి వెళ్లు, లేకపోతే వద్దు’ అని అనుభవజ్ఞులైన అధ్యాపకులు విద్యార్థులకు చెబుతుంటారు. ఒక విద్యార్థికి ఇచ్చే సలహాగా ఇది నూటికి నూరుపాళ్లూ సరైనది. ఈ సలహానే పట్టుకుని ఆక్షేపకులు ‘ఆ రంగంలోని వాళ్లే వెళ్లొద్దంటున్నారు కదా, మరి వేతనాలెందుకు’ అంటారు. సలహాలో ఉన్న షరతును మింగేసి, మిగిలిన సగాన్ని సాక్ష్యంగా తెచ్చారన్నమాట. వేతనం లేకుండా వెళ్లొద్దన్న మాట నుంచి వచ్చే సహజమైన ముగింపు, వేతనం లేని ప్రవేశాలు ఉండకూడదని. వేతనాలే ఉండకూడదని ఎంతమాత్రం కాదు.

3. సొంత ఖర్చుతో చదువుకోవచ్చన్న మాట

వాదమంతటికీ వెన్నెముక ఇదే కాబట్టి, దీని దగ్గర ఆగాలి. ముందు లెక్క చూడాలి. బ్రిటన్ ప్రభుత్వ పరిశోధనా నిధులు పంచే యూకేఆర్‌ఐ సంస్థ 2025-26కు నిర్ణయించిన కనీస డాక్టరేట్ వేతనం ఏడాదికి 20,780 పౌండ్లు. ఆ ఏడాదికి అది విశ్వవిద్యాలయానికి చెల్లించే ఫీజు 5,006 పౌండ్లు. ఈ లెక్కన మూడేళ్లకు 77,000 పౌండ్లు దాటుతుంది, నాలుగో ఏడు మొదలైతే ఇంకా పెరుగుతుంది. వేతనం దొరకని ఇంగ్లండ్ విద్యార్థికి 2018 నుంచి ప్రభుత్వ డాక్టరేట్ రుణం అందుబాటులో ఉంది. 2025-26లో చేరేవాళ్లకు దాని గరిష్ఠ పరిమితి 30,301 పౌండ్లు, అదీ ఏడాదికి కాదు, చదువు మొత్తానికి. మిగిలిన సగానికి పైగా సొమ్ము ఇంట్లో ఉండాలి, లేదా పరిశోధన చేయాల్సిన వేళల్లో ఇంకో పని చేసి సంపాదించాలి. సొంత ఖర్చుతో చదువుకోవచ్చన్న వాక్యానికి ఇంట్లో డబ్బున్నవాళ్లు చదువుకోవచ్చన్నదే అసలు అర్థం.

అయినా పూర్వపు గొప్ప పని అంతా సొంత ఖర్చుతో జరిగిందే కదా అన్న ప్రశ్న మిగులుతుంది. దానికి ఆక్షేపకులు చూపించదగిన మేలైన ఉదాహరణ ఒకటుంది. జేన్ ఆస్టెన్ ‘నార్తాంగర్ ఆబీ’ నవలలో ఒక పాత్ర ఏడు భయానక నవలల పేర్లు ఏకరువు పెడుతుంది. హాస్యం కోసం ఆస్టెనే ఆ పేర్లు కల్పించి ఉంటుందని చాలాకాలం పాఠకులు అనుకున్నారు. ఆ ఏడూ నిజంగా అచ్చయిన పుస్తకాలేనని ఇరవయ్యో శతాబ్దం తొలి భాగంలో నిరూపించినవాళ్లు మైకేల్ శాడ్లియర్, మాంటేగ్ సమ్మర్స్. శాడ్లియర్ వృత్తిరీత్యా ప్రచురణకర్త, పుస్తకాల వేటగాడు. సమ్మర్స్ కూడా ఏ విశ్వవిద్యాలయ వేతనం మీదా ఆధారపడినవాడు కాదు. ఆ ఏడు నవలల్లో నాలుగు స్త్రీలు రాసినవి. అందులో రెండింటి రచయిత్రి ఎలైజా పార్సన్స్, భర్త పోయాక పిల్లలను పోషించుకోవడానికి కలం పట్టిన మనిషి. ఇంత విలువైన పునరుద్ధరణ వేతనం లేకుండానే జరిగింది. నిజమే.

కథ అక్కడితో ముగియలేదు. శాడ్లియర్ దొరకబుచ్చుకున్నది అరుదైన ప్రతులను. అవి సేకరణకర్తల బీరువాల్లో, తర్వాత ఒక అమెరికన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి తప్ప సాధారణ పాఠకుడి చేతికి రాలేదు. ఏడింటినీ ఒక సంపుటావళిగా మళ్లీ అచ్చు వేయించినవాడు దేవేంద్ర వర్మ. బిహార్‌లోని దర్భంగాలో పుట్టి, ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో గోథిక్ నవల మీద డాక్టరేట్ చేసి, 1957లో ‘ది గోథిక్ ఫ్లేమ్’ ప్రచురించి, కెనడాలోని డల్‌హౌజీ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన ఈయన 1968లో ఆ ఏడు నవలలనూ లోకానికి తిరిగి అందించాడు. సంపన్నుడి అభిరుచి పుస్తకాన్ని కాపాడింది. దాన్ని చదువరుల దగ్గరికి తెచ్చింది జీతం మీద బతికే అధ్యాపకుడి శ్రమ.

సమ్మర్స్ సంగతి ఇంకా పాఠం నేర్పుతుంది. ఆయన 1928లో ప్రచురించిన రక్తపిశాచాల గ్రంథంలో అపారమైన సమాచారం ఉంది, నేటికీ పరిశోధకులు దాన్ని తిరగేస్తారు. అయితే సమ్మర్స్ రక్తపిశాచాలు ఉన్నాయని మనస్ఫూర్తిగా నమ్మాడు, మంత్రగత్తెలను వేటాడి చంపిన పాత న్యాయస్థానాలను సమర్థించాడు. అడిగేవాళ్లెవరూ లేరు: పర్యవేక్షకుడు లేడు, ఆధారం ఎక్కడిదని నిలదీసే పరీక్షకుల బృందం లేదు. వేతనంతో చేసే డాక్టరేట్‌లో వేతనం ఎంత ముఖ్యమో దానితో వచ్చే జవాబుదారీ అంత ముఖ్యమైనది. డబ్బు ఇచ్చినవాడికి లెక్క అడిగే హక్కు ఉంటుంది. సొంత డబ్బుతో రాసేవాణ్ని అడిగే హక్కు ఎవరికీ లేదు.

మార్కెట్ చూసుకుంటుందన్నది ఇదే వాదానికి మరో ముఖం. మార్కెట్ ఏం చూసుకుందో డ్రాక్యులా చరిత్రే చెబుతుంది. స్టోకర్ సృష్టించిన డ్రాక్యులా ప్రభువు 15వ శతాబ్దపు వలేకియా పాలకుడు, శత్రువులను కొరత వేసిన వ్లాద్ నమూనాగా పుట్టాడన్న కథను రేమండ్ మెక్‌నాలీ, రాడు ఫ్లోరెస్కూ 1972లో ఒక పుస్తకంతో లోకమంతా వ్యాపింపజేశారు. వాళ్లూ ఆచార్యులేనన్నది దాచనక్కర్లేదు. కథ రుచిగా ఉంది కాబట్టి ప్రచురణకర్తలు, సినిమావాళ్లు, పర్యాటక సంస్థలు దాన్ని రెండు చేతులా అందుకున్నారు. ఫిలడెల్ఫియాలోని రోజెన్‌బాక్ మ్యూజియంలో స్టోకర్ సొంత చేతిరాత నోట్సు ఉన్నాయి. వాటిలో ఆ ప్రభువు పేరు మొదట ‘కౌంట్ వాంపైర్’. ఆ పేరు కొట్టేసి డ్రాక్యులా అని రాసుకున్న గుర్తు ఆ కాగితం మీద నేటికీ ఉంది. కథ నడిచే చోటు మొదట ట్రాన్సిల్వేనియా కాదు, ఆస్ట్రియాలోని స్టీరియా. 1890 వేసవిలో విట్బీ గ్రంథాలయంలో విలియం విల్కిన్‌సన్ రాసిన వలేకియా చరిత్ర చదువుతూ డ్రాక్యులా అన్న పేరు ఎత్తి రాసుకున్న స్టోకర్, పుస్తకం నంబరు కూడా పక్కన వేసుకున్నాడు. కొరతల సంగతి గాని, వ్లాద్ అన్న పేరు గాని ఆ నోట్సులో లేవు. మెమోరియల్ విశ్వవిద్యాలయం ఆచార్యురాలు ఎలిజబెత్ మిల్లర్ ఈ కాగితాలను పంక్తి పంక్తీ సరిచూసి, 2000లో ‘డ్రాక్యులా: సెన్స్ అండ్ నాన్సెన్స్’ పేరుతో అపోహల చిట్టా విప్పి, 2008లో రాబర్ట్ ఎయిటీన్-బిసాంగ్‌తో కలిసి నోట్సు మొత్తాన్ని యథాతథంగా ప్రచురించారు. అబద్ధానికి డబ్బు పెట్టినవాళ్లు వందలమంది ఉండగా, దాన్ని సరిదిద్దే పనికి మార్కెట్ ముందుకు రాలేదు. ఎందుకు వస్తుంది? కొరత వేసిన వ్లాద్ అమ్ముడుపోతాడు, గ్రంథాలయ పుస్తకం నంబరు అమ్ముడుపోదు.

4. కష్టకాలంలో విలాసమన్న మాట

ఆస్పత్రికీ దయ్యాల కథకూ మధ్య ఎంచుకోమంటే ఎవరైనా ఆస్పత్రినే ఎంచుకుంటారు. అసలు అలాంటి ఎంపిక ఏ బడ్జెట్‌లోనూ లేదు. బ్రిటన్‌లో చరిత్ర, తత్వశాస్త్రం, భాషలు, పురావస్తు శాస్త్రం, సంగీతం, డిజైన్ అన్నిటికీ కలిపి నిధులిచ్చే కళలు-మానవీయ శాస్త్రాల పరిశోధనా మండలి ఏటా వేతనమిచ్చే కొత్త విద్యార్థుల సంఖ్యను 425 నుంచి 2029-30 నాటికి 300కు తగ్గిస్తామని 2023లో ప్రకటించింది. ఇన్ని శాఖల మధ్య పంచే ఆ సంఖ్యలో గోథిక్, జానపద విషయాలకు దక్కేది పిడికెడు. ఆ పిడికెడు మిగిల్చి ఒక ఆస్పత్రి వార్డు నడపవచ్చని నమ్మేవాళ్లు అంకెలు చూడనివాళ్లు.

పేదరికం సాకు కాదని చూపించిన దేశం పక్కనే ఉంది. స్వతంత్రమై పట్టుమని పదిహేనేళ్లయినా కాని ఐర్లండ్, ఆర్థిక మాంద్యం నడుమ, 1935లో ప్రభుత్వ నిధులతో జానపద సేకరణ సంఘాన్ని నెలకొల్పింది. 1937 నుంచి 1939 దాకా దాదాపు 5,000 పాఠశాలల్లోని ఇంచుమించు 50,000 మంది పిల్లలు తాతలూ అవ్వల నోట విన్న కథలు, చిట్కా వైద్యాలు, కరవు జ్ఞాపకాలు, దయ్యాల తావులు తమ నోటుపుస్తకాల్లో రాశారు. ఆ సంపద దాదాపు 7,40,000 పుటలు. యునెస్కో 2017లో ఐర్లండ్ జానపద సేకరణను ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ‘ముందు రోడ్లు వేద్దాం, కథల సంగతి తర్వాత చూద్దాం’ అని ఆ ప్రభుత్వం అనుకుని ఉంటే, రోడ్లు ఎలాగూ పడేవి. చెప్పే అవ్వలు మాత్రం ఉండేవాళ్లు కాదు.

ఇంగ్లండ్ ఇందుకు ఎదురు దారిలో నడిచింది. లీడ్స్ విశ్వవిద్యాలయంలో 1964లో మొదలైన మాండలిక, జానపద జీవన అధ్యయన సంస్థను 1983లో మూసేశారు. టేపుల మీది గొంతులు, విద్యార్థుల సేకరణలు, ఫొటోలు గ్రంథాలయంలో మిగిలిపోయాయి. దశాబ్దాల తర్వాత లాటరీ వారసత్వ నిధి నుంచి సొమ్ము తెచ్చి, ఆ టేపులను మళ్లీ జనం ముందుకు తేవాల్సి వచ్చింది. టేపులను కాపాడటానికి డబ్బు దొరికింది గాని, ఆ గొంతులను అడిగి తెలుసుకోగల శిక్షితులను తయారు చేయకుండా పోగొట్టిన ఏళ్లు ఏ లాటరీతోనూ తిరిగి రావు.

5. మూఢనమ్మకాలకు గౌరవం పెరుగుతుందన్న మాట

తెలుగు పాఠకులకు దగ్గరగా తగిలే వాదం ఇది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వచ్చినప్పుడు చేతబడి నమ్మకాలను నవల పెంచి పోషిస్తోందని రంగనాయకమ్మ తీవ్రంగా విమర్శించారు. నవల మీద ఆ విమర్శ సరైనదా కాదా అన్నది వేరే చర్చ; అలాంటి నవల లక్షలమందిని ఎందుకు పట్టి కుదిపిందని విశ్లేషించే పరిశోధన మీద మాత్రం ఆ నేరం మోపలేం. వ్యాధిని అధ్యయనం చేసేవాడు వ్యాధిని వ్యాపింపజేస్తున్నాడనడమెంత వింతో ఇదీ అంతే.

అధ్యయనం ఏం చేస్తుందో ఒక పాత ఉదంతం చూపిస్తుంది. హబ్స్‌బర్గ్ సామ్రాజ్యపు సైనిక వైద్యుడు యోహాన్ ఫ్లూకింగర్ 1732లో రక్తపిశాచాల భయం పట్టిన ఒక సెర్బియా గ్రామంలో సమాధులు తవ్వించి, దేహాలు ఉబ్బి ఉన్నాయనీ, నోటి దగ్గర తాజా నెత్తురు ఉందనీ, కొత్త గోళ్లు వచ్చినట్టున్నాయనీ నివేదిక రాశాడు. హేతువాద యుగం ఆ గ్రామస్థులను చూసి నవ్వింది. 1988లో పాల్ బార్బర్ శవాలు కుళ్లే తీరును వైద్య ఆధారాలతో పోల్చి, గ్రామస్థులు కళ్లతో చూసిందంతా నిజమేననీ, ఉబ్బు, నోటి ఎరుపు, చర్మం ఊడి కింది భాగం బయటపడటం అన్నీ కుళ్లడంలో మామూలు దశలేననీ, తప్పింది వివరణేననీ చూపించాడు. నవ్వినవాళ్లకు రెండున్నర శతాబ్దాలపాటు ఆ తేడా తట్టలేదు. బాణామతి, చేతబడి నెపంతో ఒంటరి మనుషులను కొట్టి చంపే ఊళ్లకు దయ్యాలు లేవన్న ఉపన్యాసం ఒక్కటే పట్టుకుని వెళ్లేవాళ్లు ఎగ్జిటర్ వైద్యుడి లాగే వెనుదిరుగుతారు. నింద ఎవరి మీద, ఏ తగాదా తర్వాత, ఏ చావు దరిమిలా పడుతుందో ఊరూరా తిరిగి నమోదు చేసినవాడి మాటకే అక్కడ పట్టు దొరుకుతుంది. ఆ తిరుగుడుకు బస్సు ఛార్జీలు కావాలి, భోజనం కావాలి, ఏళ్లు కావాలి.

బిరుదురాజు రామరాజు 1950ల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి జానపద గేయాల మీద డాక్టరేట్ పొందేనాటికి, పల్లెపాటల మీద పరిశోధనేమిటన్న వెక్కిరింపు తెలుగు పండితులకు కొత్త కాదు. ఆ సిద్ధాంత వ్యాసమే తర్వాతి తరాల జానపద పరిశోధనకు పునాది అయింది. నేడు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అదే బాటలో నడిచే విద్యార్థికి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ దొరికితే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. దొరకని పక్కవాడికి అదే శాఖలో, అదే గైడు దగ్గర 8,000 రూపాయలు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి ఆ ఎనిమిది వేలూ లేవు. ఇక్కడ ఎవరూ జానపద పరిశోధన ఆపమని బాహాటంగా అనరు, అనాల్సిన అవసరమూ లేదు; వేతనం లేకపోవడమే ఆ పని చేసిపెడుతుంది.

ఇన్ని ఆక్షేపణల తర్వాత తేలే సంగతి ఒకటే. వేతనం ఆపితే ఈ పరిశోధన ఆగదు, చేతులు మారుతుంది. నిలదీసేవాళ్లు లేని సంపన్నుల అభిరుచికి, అమ్ముడుపోయే కథనే కోరే మార్కెట్‌కు, నమ్మకాన్ని పెట్టుబడిగా మార్చుకునే వాళ్లకు అది దక్కుతుంది. పల్లె నుంచి, కార్మిక కుటుంబం నుంచి వచ్చినవాడు తన అవ్వ చెప్పిన కథ మీద తానే మాట్లాడే అవకాశం పోతుంది. సీట్లు తగ్గించాల్సి వస్తే తగ్గించవచ్చు, ఎంపికను కఠినం చేయవచ్చు. చేయకూడనిది, వేతనాలను 425 నుంచి 300కు దించుతూ, ఫీజు కట్టగలవాళ్ల కోసం వేతనం లేని ప్రవేశాలను తెరిచి ఉంచడం. ప్రవేశమిచ్చిన ప్రతి పరిశోధకుడికీ పూర్తి వేతనం ఇవ్వాలి, ఇవ్వలేని విశ్వవిద్యాలయం ఆ ప్రవేశాన్ని రద్దు చేయాలి. ఇది కాదనేవాళ్లు ప్రజాధనం ఆదా అన్న మాట పక్కనపెట్టి, ఈ చదువు ఉన్నవాళ్లకేనని బాహాటంగా ప్రకటించాలి.